అపా నుంచి కుప్పం దాకా, ఒక పేరు కోసం

శనివారం పొద్దున ఆరున్నరకు మదనపల్లె బస్టాండు నుంచి బయల్దేరాం. కుప్పానికి నేరుగా పోయే బస్సు ఒకటి అప్పుడే కదలబోతోంది గానీ, దాన్ని వదిలేసి పుంగనూరు బస్సు ఎక్కాం. పుంగనూరులో ఒక బట్ట కొనాల్సిన పని ఉంది. మీలో ఎవరైనా ఇదే దారిన వెళ్లేటట్లయితే, దారిలో పనేమీ లేనప్పుడు నేరు బస్సే మేలు. ముక్కలు ముక్కలుగా వెళితే గంట పైనే వృథా అవుతుంది. కుడివైపు కూర్చోండి. పొద్దుటి ఎండ ఎడమవైపు కిటికీల్లోంచి దిగుతుంది.

నాతో వచ్చినవాడు అడకోలే. నైజీరియా దేశస్థుడు. మేమిద్దరం ఎం.టెక్.లో ఒకే బ్యాచ్. ఏడాది పైగా మా మేడమీది గదిలో అద్దెకు ఉంటున్నాడు. అతని భాషలో అడకోలే అంటే ఇంటి తండ్రి అని అర్థమట. మా వీధివాళ్లకు ఆ పేరు నోట పట్టక మొదటి వారంలోనే కోలప్పను చేసేశారు. అతని భార్య గ్రేస్ కుప్పంలో భాషాశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. నెల కిందట అక్కడే వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఇంకా పేరు లేదు. పేరు పెట్టాల్సింది అడకోలే నాన్న. ఆయన ఉండేది ఒటుక్పో అనే ఊళ్లో. మర్నాడు పదకొండున్నరకు, అంటే వాళ్లకు పొద్దున ఏడు గంటలకు, ఫోన్‌లో పెడతానన్నాడు.

ఇందులో భయపడాల్సింది ఏముందని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను.

"పేరు పెట్టే ముందు నేను దారి చెప్పాలి. దారి ఎక్కడైనా తెగితే ఆయన పేరు పెట్టడు" అన్నాడు అడకోలే.

దారి అంటే వాళ్లు వచ్చిన దారి. అడకోలేది ఇడోమా జాతి. నైజీరియా నడుమన, బెన్వే నదికి దక్షిణాన ఉంటారు. ఒటుక్పో వాళ్లకు ముఖ్యమైన ఊరు. వాళ్ల పెద్దల్లో ఎక్కువమంది చెప్పే కథ ప్రకారం, పూర్వం క్వరరాఫా అనే రాజ్యంలో అపా అనే చోట ఉండేవాళ్లు. యుద్ధాలు వచ్చి, రాజ్యం చెదిరి, గుంపులు గుంపులుగా కదిలారు. నది దాటారు. ఇడు అనే మూలపురుషుడి కొడుకులు తలొక చోట ఆగి తలొక ఊరికి మొదలయ్యారని ఇంకో మాట. ఇదంతా ఒకే గీతలా ఉండదని గ్రేస్ నాకు ముందే హెచ్చరించింది. కొన్ని తెగలు పడమట ఇగాలా వాళ్ల వైపు నుంచి, కొన్ని దక్షిణాన ఇగ్బో సరిహద్దు నుంచి వచ్చి కలిశాయట. అందరూ ఒకేసారి, ఒకే దారిన రాలేదట. నేను కాగితం మీద బాణాలు గీసి చూశాను. మూడు రంగులు వాడినా చిక్కు విడలేదు.

అడకోలే ఇంట్లో మాత్రం ఒకే దారి. అందులో ఊళ్ల పేర్ల కన్నా మనుషులే ఎక్కువ. ఆగిన ప్రతిచోటా నీళ్లిచ్చి నిలువనిచ్చినవాళ్లను తలుచుకుంటారు. ఒక చేపలవాడు, కుండలు చేసే ఒక ముసలమ్మ, ఒక వేటగాడు, ఇలా. బిడ్డ పుట్టినప్పుడు తండ్రి అపా నుంచి ఆ బిడ్డ పడుకున్న చోటు దాకా ఈ మనుషులందరినీ వరసగా చెప్పాలి. ఇది వాళ్ల ఇంటి పద్ధతి. ఇడోమాలందరికీ ఉందని నేను రాయడం లేదు, అతనూ చెప్పలేదు.

"మా అన్న కొడుకు లాగోస్‌లో పుట్టాడు. అన్న దారి సగంలో తడబడ్డాడు. వాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. బళ్లో వాడికి ఏదో పేరు రాయించారు. మా నాన్న మాత్రం ఇప్పటికీ 'ఆ అబ్బాయి' అంటాడు. నా కూతుర్ని 'ఆ పిల్ల' అంటే నేను భరించలేను" అన్నాడు.

బస్సు పెద్దగా నిండలేదు. మా వెనక సీట్లో సీతాఫలాల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. బస్సు ఊరు దాటేదాకా ఆగి, ముందుకు వంగి అడకోలే భుజం తట్టింది.

"యా ఊరప్పా నీది?"

"మదనపల్లె అమ్మా" అన్నాడు అతను. బస్సులో అటూ ఇటూ నవ్వులు.

"ఆ, మదనపల్లె! నా మనవడు మాదిరే ఉండావులే. అసలు ఊరు యాడ అంటాండా."

"ఒటుక్పో. నైజీరియా."

"అంతకు ముందు?"

ఈ ప్రశ్న మన వైపు మామూలే. అసలు ఊరు చెబితే దానికి ముందు ఊరు అడుగుతారు. అడకోలే మాత్రం ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "అపా" అన్నాడు.

"ఊరి పేరు సెప్పు నాయనా అంటే అప్పా అంటావేంది?"

"ఊరే అమ్మా. అపా."

"అయ్యో, మీ అప్ప పేరు గాదప్పా నేను అడిగేది!"

మా వైపు నాన్ననూ పెద్దవాళ్లనూ అప్పా అంటారు. మా ముందు సీట్లో ఉన్న కండక్టరు టికెట్లు చింపడం ఆపి, "వాళ్ల ఊరి పేరే అప్ప అంట అవ్వా, యాల సతాయిస్తావు?" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించింది. "అట్లయితే మంచి ఊరే. పిలిసినట్టే ఉండాది" అని తేల్చి, మాకు చెరో సీతాఫలం ఇచ్చింది. తమవాళ్లు మైసూరు సీమ నుంచి మేకలు తోలుకుంటా వచ్చినోళ్లని, ఆ ఊరి పేరు ఎవరికీ గుర్తులేదని, దేవర పేరు మాత్రం మిగిలిందని చెప్పింది. పుంగనూరు వచ్చేదాకా అడకోలే ఆ పండు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

ఏడున్నర దాటేసరికి పుంగనూరులో దిగాం. పొట్టి ఆవులు చూడాలని వచ్చేవాళ్లకు ఒక మాట. అవి బస్టాండు దగ్గర తిరుగుతుంటాయనుకుని మెడ సాచి చూడకండి. నేను మొదటిసారి వచ్చినప్పుడు అలాగే చూశాను. ఎవరినైనా అడిగి, పెంచేవాళ్ల ఇంటికి వెళ్లాలి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, శెనగ్గింజల చట్నీ తిన్నాం. కారం బాగా ఉంది. బట్టల దుకాణాలు తొమ్మిదింటికి తెరిచారు.

ఇడోమాల రంగులు ఎరుపు, నలుపు. పక్కపక్కన చారలు. పెళ్లిళ్లకూ పండగలకూ వాళ్లు కట్టుకునేది ఆ బట్టే. తెచ్చుకున్నదాన్ని గ్రేస్ కాన్పుకు ముందు ఒక స్నేహితురాలికి ఇచ్చేసింది. బిడ్డ కింద పరచడానికి అలాంటిది ఒకటి కావాలి. మేం వెళ్లిన దుకాణంలో గల్లాపెట్టె దగ్గర ఒక నడివయసు అమ్మ కూర్చుని ఉంది. అడకోలే ఫోన్‌లో ఫొటో చూపించాడు.

"ఇట్లాంటిది యాలప్పా?"

"పాపకు పేరు పెడతాం అమ్మా."

ఆమె ఫోన్ వెనక్కి ఇచ్చేసింది. "పేరు పెట్టేదానికి నల్లబట్టా? ఎవురప్పా సెప్పింది మీకు? నా అంగట్లో ఇయ్యను. పసుపుపచ్చది తీసుకో, రోజాపువ్వు రంగు తీసుకో."

నేను కలగజేసుకుని అది వాళ్ల ఆచారం అన్నాను. ఆమె నా వైపు ఇంకా కోపంగా చూసింది. "వాళ్లకు తెలీదు సరే, నీకన్నా తెలియొద్దా? నీకు అమ్మ లేదా ఇంట్లో?"

ఇంకో రెండు దుకాణాలు తిరిగాం. నలుపు ఉంటే ఎరుపు లేదు, రెండూ ఉంటే నైలాన్. పది దాటింది. మొదటి దుకాణం ముందు నుంచే వెనక్కి వస్తుంటే ఆమే గట్టిగా కేకేసింది.

"ఓ కోలప్పా! ఈడికి రా!"

అతని పేరు ఆమెకెలా తెలిసిందో అనుకున్నాను. దుకాణంలో నేను అలా పిలిచింది విన్నదట. లోపల్నుంచి ఒక కంబళి తీసి బల్ల మీద పరిచింది. గొర్రెలు కాసే కురుబవాళ్లు నేసిన గొర్రెబొచ్చు కంబళి. నల్లగా కారునలుపు, రెండు అంచులా ఎర్రటి చార.

"నల్లబట్ట ఇయ్యనంటిని. కంబళి వేరే. కంబళి మీద దేవుణ్ణే కూసోబెడతారు. గుచ్చుకుంటాది గాని, పైన మెత్తటి పాత సీర ఏసుకోండి."

అడకోలే ఎర్ర అంచు మీద వేళ్లు ఆడించి, రెండు చేతులూ జోడించాడు. "బిడ్డను సూపియ్యాల మళ్ల!" అంది ఆమె. బేరం చేయడం నాకు గుర్తే రాలేదు.

పదకొండింటికి పలమనేరు బస్సు దొరికింది. కంబళి మూట మా ఒళ్లో. గొర్రెల వాసనకు పక్కాయన కిటికీ తెరిచాడు. అక్కడినుంచి అడకోలే దారి వల్లెవేయడం మొదలుపెట్టాడు. ముందు వాళ్ల భాషలో, తర్వాత నా కోసం ఇంగ్లీషులో. అపా దగ్గర మొదలవుతుంది. అపా అని మూడుసార్లు గట్టిగా పిలవాలి. పిలిచినప్పుడల్లా ఒక ఊపిరి సేపు ఆగాలి.

"ఎందుకు ఆగడం?" అన్నాను.

"వదిలి వచ్చిన ఊరు కదా. పలకడానికి అక్కడ ఎవరూ లేరు. ఆ నిశ్శబ్దాన్ని అందరూ వినాలి. ఆ తర్వాతే కదలాలి."

ఒటుక్పో దాకా అతను ఎక్కడా తడబడలేదు. చిక్కంతా అక్కడినుంచే. ఒటుక్పో నుంచి లాగోస్‌కు బస్సులో వచ్చాడు. పిన్ని ఇంట్లో నీళ్లు తాగాడు. సరే. లాగోస్‌లో విమానం ఎక్కి, మధ్యలో ఒకటి మారి, బెంగుళూరులో దిగాడు. ఇందులో నీళ్లిచ్చింది ఎవరు?

"ఎయిర్ హోస్టెస్" అన్నాను.

"పేరు?"

నేను ఇంజనీర్లా ఆలోచించాను. టికెట్టు మీద ఉండదు. బోర్డింగ్ కార్డు మీద ఉండదు. ఆ రోజు విధుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు. "ఏదో ఒక పేరు చెప్పేయ్. ఆయనకెలా తెలుస్తుంది?" అన్నాను.

అడకోలే నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కోపం కాదు. మీ అమ్మ పేరు మార్చి చెప్పమంటే నువ్వు చెబుతావా అన్నట్టుంది. ఆ సలహా మళ్లీ ఎత్తలేదు.

పలమనేరులో బస్సు మారాం. వెంకటగిరికోటలో ఆ బస్సు భోజనానికి ఆగింది. రాగిసంగటి, పప్పుచారు, ఊరమిరపకాయలు. సంగటి ముద్దను నమలకుండా చారులో ముంచి మింగాలని ఈ సీమకు కొత్తగా వచ్చేవాళ్లందరికీ చెప్పాల్సి వస్తుంది. అడకోలేకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వాళ్ల ఊళ్లో కందగడ్డ దంచి ముద్ద చేసి, ఒకోహో అనే చారులో ముంచి ఇలాగే మింగుతారట. వడ్డించే ఆయన ముచ్చటపడి ఇంకో ముద్ద వేశాడు. తింటూ తింటూ అడకోలే ఆగిపోయాడు.

"నది!" అన్నాడు.

"ఏ నది?"

"బెన్వే. మా దారిలో నది దాటిన చోట మనిషి పేరు లేదు. చేపలవాడు ఇవతలి ఒడ్డున ఉన్నాడు. నీళ్ల మీద ఉన్నప్పుడు నది పేరే చెబుతాం. నీళ్ల మీద నీళ్లే దిక్కు. అంటే సముద్రం మీద..."

"అరేబియా సముద్రం" అన్నాను.

"మా నాన్న ఒప్పుకుంటాడా?"

నాకు తెలియదు. కానీ లెక్క కుదిరిందనిపించింది. కుప్పం దాకా అతను ఇక వల్లెవేయలేదు. కిటికీ పక్కన రాళ్ల గుట్టలు, బంతితోటలు, మల్బరీ మడులు చూస్తూ వచ్చాడు.

మూడు దాటాక కుప్పంలో దిగాం. గ్రేస్ అద్దెకు ఉండే ఇల్లు రైలు గేటు అవతల. ఇంటాయన మునిరత్నప్ప. గ్రానైటు లారీలు తిప్పి ఇప్పుడు మానేశాడు. మాట పెద్దది, చెవి కొంచెం మందం. ఆయన భార్య కాంతమ్మ. కాన్పు దగ్గర్నుంచి పిల్లకు నీళ్లు పోసేది ఆమే. మేం చెప్పులు విప్పక ముందే కంబళి మూట లాక్కుని వాసన చూసి, "అసలు సరుకే" అంది.

ఆ సాయంత్రం కాంతమ్మకు గ్రేస్ ఒకోహో చారు గురించి చెప్పింది. ఒక తీగ కాడను దంచితే జిగురు వస్తుందని, ఆ జిగురుతో చేస్తారని.

"నల్లేరా?"

గ్రేస్ ఫోన్‌లో వెతికి చూసింది. అదీ నల్లేరూ ఒకే జాతి తీగలట. కాంతమ్మ వెంటనే పెరట్లోకి వెళ్లి గోడ మీద పాకిన నల్లేరు కోసుకొచ్చి, నూనె చేతులకు రాసుకుని నారలు తీసింది. పచ్చడి చేసింది, చారు కాదు. "దురదబెట్టకుండా సెయ్యను వచ్చునా మీవోళ్లకు?" అని సవాలు చేసింది. అడకోలే మూడుసార్లు వేసుకున్నాడు. పిల్ల పేరు సంగతి ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం పదకొండింటికే వసారాలో కంబళి పరిచారు. దాని మీద కాంతమ్మ పాత నూలుచీర. చీర మీద పిల్ల, పిడికిళ్లు బిగించి నిద్ర. పక్కింటి ఆడవాళ్లు నలుగురు వచ్చారు. ఫోన్ గొంతు చాలదని దాన్ని ఒక ఖాళీ స్టీలు చెంబులో నిలబెట్టారు. ఆ చిట్కా మునిరత్నప్పది. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, చెంబు వైపు మంచి చెవి పెట్టి కూర్చున్నాడు.

పదకొండున్నరకు ఒటుక్పో పలికింది. చెంబులోంచి వచ్చిన గొంతు బరువుగా, నిదానంగా ఉంది. ఇద్దరూ కుశలప్రశ్నలు వేసుకున్నారు. తర్వాత ఆ గొంతు ఒక చిన్న మాట అని ఆగింది. చెప్పు అన్నాడని నాకూ అర్థమైంది.

అడకోలే నిలబడి, కళ్లు మూసుకుని, వసారా అదిరేలా పిలిచాడు.

"అపా!"

"ఏమప్పా?" అన్నాడు మునిరత్నప్ప, అంతే గట్టిగా.

గ్రేస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాంతమ్మ మొగుడి మోచేయి గిల్లింది. "నిన్ను గాదు పిలిసింది!"

"నన్ను గాకపోతే ఎవుర్ని? అప్ప అని ఈడ నేనొకణ్ణే గదా ఉండాను?"

అడకోలే ముఖం పాలిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంత ముఖ్యమో బస్సులో నాకు చెప్పాడు. అది పాడైంది. చెంబులోంచి చప్పుడు లేదు. ఫోన్ తెగిందేమోనని వంగి చూశాను. తెగలేదు. అప్పుడు ఆ గొంతు ఏదో అడిగింది. గ్రేస్ నా చెవిలో చెప్పింది.

"ఎవరు పలికారు అంటున్నారు."

ఇంటాయన, అన్నాడు అడకోలే. అపా అంటే పలికాడా అని మళ్లీ అడిగాడు పెద్దాయన. పలికాడు. ఎందుకు పలికాడు? ఇక్కడ పెద్దవాళ్లను అలా పిలుస్తారు, ఆయన పేరు చివర కూడా ఆ మాట ఉంది, తనను పిలిచాననుకున్నాడు, క్షమించండి.

గ్రేస్ ముందుకు జరిగి చెంబులోకి తనే మాట్లాడింది. ఏమన్నావని తర్వాత అడిగితే చెప్పింది. రెండు మాటలు వినడానికి ఒకటిగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కాదు మామయ్యా, ఇది ఊరికే కలిసింది, థీసిస్‌లో రాస్తే మా గైడు కాగితం చింపేస్తారు అందట.

ముసలాయన ఇచ్చిన జవాబు నేను కాగితం మీద రాయించుకున్నాను, తప్పు పోకూడదని. "నేను చుట్టరికం అడగలేదమ్మా. పలికారా లేదా అని అడిగాను. మా నాన్న పిలిచాడు, ఆయన నాన్న పిలిచాడు, నేనూ పిలిచాను. ఎవరూ పలకలేదు. అడకోలే, మళ్లీ పిలువు."

అడకోలే ఈసారి కళ్లు తెరిచే పిలిచాడు. గొంతు అంత గట్టిగా లేదు.

"అపా!"

మునిరత్నప్పకు విషయం అప్పటికి కాంతమ్మ చెవిలో చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఉండానప్పా! సెప్పు!"

మూడోసారి పిలిచేసరికి పక్కింటి ఆడవాళ్లు కూడా ఆగలేదు. "ఉండాం! ఉండాం!" అన్నారు. పిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. చెంబులోంచి వచ్చిన శబ్దం మొదట దగ్గనుకున్నాను. నవ్వు. ముసలాయన ఆపుకోలేక నవ్వుతున్నాడు.

ఆ తర్వాత దారి సాగింది. చేపలవాడు, కుండల ముసలమ్మ, వేటగాడు. ఒటుక్పో. లాగోస్ పిన్ని. సముద్రం దగ్గర ఆయన ఆపాడు. అడకోలే నది సంగతి చెప్పి, సముద్రం పేరు చెప్పాడు. పెద్దాయన ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుని, ముందుకు పొమ్మన్నాడు. మదనపల్లె దగ్గర మా అమ్మ పేరు వచ్చింది. నాగరత్నమ్మ. ఆ వరసలో ఆమె ఉంటుందని నాకు ముందే తెలుసు. వినడం వేరు. ఆ పేరు పలకడానికి పెద్దాయనకు నోరు తిరగలేదు. వదిలేసి కుప్పానికి వచ్చాడు. మునిరత్నప్పతో నేరుగా మాట్లాడాలన్నాడు. గ్రేస్ తెలుగు చేసింది.

"మావాళ్లకు నీళ్లిచ్చారా?"

"నీళ్లేందప్పా, వచ్చిన దినమే మజ్జిగిచ్చినాం! కావలిస్తే బోరు కూడా ఏసిస్తామని సెప్పు ఆయనకు!"

"బోరు ఎండిపోయి రెండేండ్లాయ, ఇంగొకటి ఏస్తాడంట" అంది కాంతమ్మ. వసారా అంతా నవ్వింది.

అప్పుడు పెద్దాయన పేరు పెట్టాడు. ఎనె. ఒక్క చిన్న మాట. మాకు అర్థం కాలేదు. అడకోలే మాత్రం పిల్ల పక్కన మోకాళ్ల మీద కూలబడి ఆ మాటను దాని చెవిలో చెప్పాడు. ఏడుపు ఆగలేదు గానీ స్థాయి తగ్గింది.

"ఎనె అంటే ఏందమ్మా?" అని కాంతమ్మ గ్రేస్‌ను అడిగింది.

"అమ్మ."

"అంతేనా? ఆడబిడ్డను మేం మాత్రం ఏమని పిలస్తాండాం? అమ్మా అనే గదా! దానికి ఇంత దూరం ఫోను సెయ్యాల్నా?"

భోజనాలు రెండింటికి ముగిశాయి. చిత్రాన్నం, అలసంద వడలు, నాటుకోడి పులుసు. అడకోలే ఇంకో వారం అక్కడే ఉంటాడు. నాకు సోమవారం ల్యాబ్ ఉంది. మూడున్నర బస్సుకు ఒక్కణ్ణే బయల్దేరాను. ఆదివారం మధ్యాహ్నం కుప్పం నుంచి సీటు దొరకడం కష్టం. బస్టాండుకు కాస్త ముందే వెళ్లండి, లేదంటే వెంకటగిరికోట దాకా నిలబడాలి. నేను నిలబడ్డాను. పలమనేరులో మారాక కిటికీ పక్క చోటు దొరికింది.

ఒక సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి. ఈ రెండు రోజుల్లో ఇడోమాల రాకడ గురించి నా కాగితం మీద తేల్చగలిగింది తక్కువ. అపా సరిగ్గా ఎక్కడ, ఎవరు ముందు కదిలారు, ఎవరు ఎటు నుంచి వచ్చి కలిశారు, అన్నీ ఇంకా ప్రశ్నార్థకాలే. తెలుసుకోవాలంటే గ్రేస్ లాంటి వాళ్లను అడగండి. నేను చూసింది ఆ దారి కొసను మాత్రమే. అది ఇంకా పెరుగుతోంది.

పుంగనూరు దాటాక చీకటి పడుతుండగా అడకోలే పంపిన వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇయర్‌ఫోన్లు కుప్పంలో మరిచిపోయాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ముసలాయన గొంతు. దారి మొత్తం తన నోటితో తను చెప్పుకుంటున్నాడు, కొత్త పాఠం వల్లెవేసే పిల్లవాడిలా. అపా దగ్గర ఆగి, తనే మునిరత్నప్ప గొంతు పెట్టి "ఉండానప్పా" అన్నాడు. నది, సముద్రం గడిచాయి. తర్వాత తడుముకున్నాడు. నాగ. నాగరత. మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగో ప్రయత్నంలో పూర్తిగా పలికింది. నాగరత్నమ్మ.

పక్కన కూర్చున్నాయన టమోటా మండీలో లెక్కలు రాసే మనిషి, అప్పటిదాకా కునుకు తీస్తున్నాడు. కళ్లు తెరిచాడు.

"ఎవురప్పా నాగరత్నమ్మ?"

"మా అమ్మ."

"ఆయనెవురు?"

"ఆఫ్రికాలో ఉంటారు. ఒటుక్పో అని."

ఆయన నిద్ర పూర్తిగా వదిలింది. "ఆడుండేటాయన మీయమ్మ పేరు యాల తలుస్తాండాడు?"

చెప్పాలంటే చాలా ఉంది. బస్సు అప్పటికే మదనపల్లె పొలిమేరల్లోకి వచ్చింది.

"వాళ్ల దారిలో నీళ్లిచ్చిందని" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి తలూపాడు, అది చాలినంత కారణమే అన్నట్టు. "ఇంగోసారి పెట్టు" అన్నాడు. ఈసారి ఫోన్ ఇద్దరి మధ్య పట్టుకుని, గొంతు పెంచి పెట్టాను.